హస్తవాసి, సంకల్పం, మందు
(రోగి కుటుంబ సభ్యుల కోసం ఒక పాఠం)

రోగి వెంట వచ్చి, వార్డులో మంచం పక్కనో బయట బెంచీ మీదో రోజులు గడిపే కుటుంబ సభ్యుల కోసం ఈ పాఠం రాస్తున్నాము. మందులు ఎప్పుడు వేయాలి, ఏం పెట్టాలి అన్న సంగతులు డిశ్చార్జి చీటీలో ఉంటాయి. కాని చీటీలో లేని ప్రశ్న ఒకటి మీరు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు: "సిస్టర్, మనసులో బలంగా అనుకుంటే జబ్బు తగ్గుతుందంటారు, నిజమేనా? చేతితో శక్తి పంపి నయం చేస్తామని ఒకరు చెప్పారు, తీసుకెళ్లమంటారా?"

ఈ ప్రశ్నను నవ్వి తోసిపుచ్చకూడదు. అలాగని తల ఊపి ఊరుకోకూడదు కూడా. ఎందుకంటే దీనికి వచ్చే జవాబును బట్టి కొందరు ధైర్యం తెచ్చుకుంటారు, కొందరు మందు మానేస్తారు. అందుకే ఇందులో ఎంత నిజం ఉందో, ఆ నిజం ఎక్కడ ఆగిపోతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన చుట్టూ ఉన్న నమ్మకం

2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన తర్వాత శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లు ఎంతో మారాయి. పొలాలకు వెళ్లినవారి పిల్లలు ఇప్పుడు క్యాబులు నడుపుతున్నారు, సామాను ఎక్కించే పనుల్లో, సెక్యూరిటీలో, హోటళ్లలో రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. నిద్ర తగ్గింది, దిగులు పెరిగింది. మనశ్శాంతి కోసం వెతికేవారూ పెరిగారు.

అలాంటి వారికి ఇక్కడ దారులు చాలానే కనిపిస్తాయి. చేగూరు వద్ద కాన్హా శాంతి వనం ఉంది. ఇది హార్ట్‌ఫుల్‌నెస్ ధ్యాన సంస్థకు ప్రధాన కేంద్రం. ఒకేసారి లక్ష మంది కూర్చోగల ధ్యాన మందిరాన్ని అక్కడ 2020లో ప్రారంభించారు. గురువు నుంచి సాధకుని హృదయంలోకి ప్రాణశక్తి ప్రసరిస్తుందని వారి విశ్వాసం. దానిని వారు ప్రాణాహుతి అంటారు. శ్రీశైలం రోడ్డులో కడ్తాల్ దగ్గర పిరమిడ్ ధ్యానుల మహేశ్వర మహాపిరమిడ్ ఉంది. పిరమిడ్ ఆకారంలో విశ్వశక్తి ఎక్కువగా చేరుతుందని వారు నమ్ముతారు. ఇవి కాక, జపాన్‌లో 1922లో మికావో ఉసుయి మొదలుపెట్టిన రేకీని నేర్పేవారు కూడా నగరంలో ఉన్నారు.

ఇదంతా మనకు కొత్త కూడా కాదు. మన పల్లెల్లో ఎప్పటి నుంచో "ఆ డాక్టరు గారి హస్తవాసి మంచిది" అంటారు. మందు అదే అయినా ఆయన చేత్తో ఇస్తే పని చేస్తుందని నమ్మకం. పిల్లవాడు నలతగా ఉంటే దిష్టి తగిలిందంటారు. ఒకరి చూపు చెడు చేస్తుంది, ఒకరి చేయి మేలు చేస్తుంది అన్న ఈ భావమే ఈనాడు "నెగెటివ్ ఎనర్జీ", "పాజిటివ్ ఎనర్జీ" అన్న మాటలతో మళ్లీ వినిపిస్తోంది.

ఇక్కడ ఎవరి విశ్వాసాన్నీ చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. రోగి ఒంటి మీద ఏది ఎంతవరకు పని చేస్తుందో చెప్పడమే మా పని.

మాట ఒంటి మీద పని చేస్తుందా?

చేస్తుంది. ఇది ఊహ కాదు, కొలిచి చూసిన సంగతి.

భయపడినప్పుడు గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం మనందరికీ తెలుసు. అప్పుడు శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. బీపీ, షుగర్ కూడా పెరగవచ్చు. భయం తగ్గి ఊపిరి నెమ్మదిస్తే గుండె వేగం కూడా తగ్గుతుంది.

నొప్పి విషయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1978లో అమెరికాలో జ్ఞానదంతం తీయించుకున్నవారి మీద ఒక పరిశోధన చేశారు. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత వారికి నాలోక్సోన్ అనే మందు ఇచ్చారు. ఇది నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకుంటుంది. అది ఇవ్వగానే తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది. అంటే నమ్మకం వల్ల శరీరం తనలోనే నొప్పిని తగ్గించే పదార్థాలను విడుదల చేసిందన్నమాట. వాటినే ఎండార్ఫిన్లు అంటారు. "అంతా నీ భ్రమ" అని రోగిని కసరడం ఎంత తప్పో దీన్ని బట్టి తెలుస్తుంది. మనసు వల్ల తగ్గిన నొప్పి కూడా నిజంగా తగ్గిన నొప్పే.

ఇటలీలో చేసిన పరిశోధనలలో మరో సంగతి బయటపడింది. ఆపరేషన్ అయిన రోగికి నర్సు ఎదురుగా నిలబడి "ఇప్పుడు నొప్పి మందు ఇస్తున్నాను" అని చెప్పి ఇస్తే బాగా పని చేసింది. రోగికి తెలియకుండా యంత్రం ద్వారా అదే మందు ఎక్కిస్తే అంత ఉపశమనం కలగలేదు. మందు ఒకటే, మోతాదు ఒకటే. తేడా అంతా చెప్పడంలోనే ఉంది.

2008లో వెలువడిన మరొక అధ్యయనం చూడండి. ఎప్పుడూ కడుపునొప్పి, విరేచనాలతో బాధపడే 262 మందిని మూడు భాగాలు చేశారు. మొదటి వారికి ఏ చికిత్సా లేదు. రెండవ వారికి చర్మంలో దిగని ఉత్తుత్తి సూదులతో ఆక్యుపంక్చర్ చేశారు కాని ఎక్కువ మాట్లాడలేదు. మూడవ వారికి అదే చేస్తూ, దగ్గర కూర్చుని వారి బాధ వింటూ ఆదరంగా మాట్లాడారు. మూడు వారాల తర్వాత మొదటి గుంపులో 28 శాతం, రెండవ గుంపులో 44 శాతం, మూడవ గుంపులో 62 శాతం మంది తమకు తగినంత ఉపశమనం కలిగిందన్నారు.

మన పెద్దలు హస్తవాసి అన్నది చాలావరకు ఇదే. వినే చెవి, నెమ్మదైన మాట, నమ్మకం కలిగించే స్పర్శ. ఇది ఎవరో కొందరికి పుట్టుకతో వచ్చే శక్తి కాదు. డాక్టరుకు, నర్సుకు, రోగి పక్కన కూర్చున్న మీకు కూడా అలవడగల గుణం.

అది ఎక్కడ ఆగిపోతుంది?

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

ఉబ్బసం ఉన్నవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ప్రతి ఏటా జూన్‌లో మృగశిర కార్తె రోజున నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వారు ఇచ్చే చేప ప్రసాదం కోసం వేలాదిగా జనం రావడం మీకు తెలిసిందే. తీసుకున్నవారిలో కొందరు "ఆయాసం తగ్గినట్టుంది" అంటారు. వారు అబద్ధం చెబుతున్నారా? లేదు. మరి ఆ మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

దీనికి సాయపడే పరిశోధన ఒకటి 2011లో అమెరికాలోని బోస్టన్ నుంచి వెలువడింది. ఉబ్బసం ఉన్న 39 మంది అందులో చివరి వరకు పాల్గొన్నారు. ఒక్కొక్కరికి వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేసి చూశారు: మందు ఉన్న ఇన్‌హేలర్, మందు లేని ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఏ చికిత్సా లేకపోవడం. "ఎంత నయంగా ఉంది?" అని అడిగితే మందు ఉన్న ఇన్‌హేలర్‌తో 50 శాతం, మందు లేని ఇన్‌హేలర్‌తో 45 శాతం, ఉత్తుత్తి సూదులతో 46 శాతం తగ్గిందన్నారు. ఏమీ చేయనప్పుడు 21 శాతం అన్నారు. అంటే రోగి మాటల్లో నిజమైన మందుకు, ఉత్తుత్తి మందుకు పెద్ద తేడా లేదు.

కాని ఊపిరితిత్తులు గాలిని ఎంత బలంగా వదులుతున్నాయో యంత్రంతో కొలిచినప్పుడు వేరే సంగతి తెలిసింది. నిజమైన మందుతో 20 శాతం మెరుగుదల ఉంది. మిగిలిన మూడింటితో సుమారు 7 శాతమే. ఏమీ చేయనప్పుడు ఎంతో, ఉత్తుత్తి మందుతోనూ అంతే.

దీని అర్థం ఏమిటి? నమ్మకం బాధను తగ్గించింది, బిగుసుకున్న గాలిగొట్టాలను మాత్రం తెరవలేదు. రోగి బాగున్నాననుకుంటూ ఇన్‌హేలర్ పక్కన పెడితే, రాత్రి రెండు గంటలకు ఆయాసం ముంచుకొస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఒక గీత గీసుకుందాం. నొప్పి, భయం, వికారం, నిద్రలేమి, అలసట వంటి బాధలను మనసు చాలావరకు తగ్గించగలదు. క్షయ క్రిములను చంపడం, క్యాన్సర్ గడ్డను కరిగించడం, ఇన్సులిన్ లేని శరీరంలో షుగర్‌ను అదుపు చేయడం, మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరవడం, పాము విషాన్ని విరచడం సంకల్పం వల్ల కావు.

చేతి నుంచి శక్తి వెలువడుతుందా?

1970లలో అమెరికాలో డొలొరెస్ క్రీగర్ అనే నర్సు, డోరా కుంజ్ అనే మరొకామెతో కలిసి ఒక పద్ధతిని ప్రచారం చేశారు. రోగిని తాకకుండా, ఒంటికి కొంత ఎత్తులో చేతులు ఆడిస్తూ అతని శక్తి వలయాన్ని సరిచేయవచ్చని చెప్పారు. వేలాది నర్సులు దీనిని నేర్చుకున్నారు.

అప్పుడు ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల అమ్మాయి తన బడి సైన్సు ప్రదర్శన కోసం సులభమైన పరీక్ష ఒకటి పెట్టింది. ఈ పద్ధతి తెలిసినవారిని అట్ట తెరకు అవతల కూర్చోబెట్టి, తెర కింది నుంచి రెండు చేతులూ ఇవతలికి చాపమంది. నాణెం ఎగరేసి, వచ్చినదాన్ని బట్టి వారి కుడి చేతి పైనో ఎడమ చేతి పైనో తన చేయి పెట్టి, "నా చేయి ఎటు ఉంది?" అని అడిగింది. మొత్తం 21 మందితో 280 సార్లు చేస్తే సరైన జవాబు 44 శాతం సార్లే వచ్చింది. ఊరికే ఊహించి చెప్పినా సగం సార్లు సరిపోవాలి కదా! ఈ ఫలితం 1998లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వెలువడింది.

పక్కనే ఉన్న చేతినే పట్టుకోలేని శక్తిని రోగాలను పట్టేదిగా నమ్మి డబ్బు కట్టడం మంచిది కాదు. అయితే ఒంటి మీద చేయి వేయడం వల్ల, నుదురు నిమరడం వల్ల రోగికి నెమ్మది కలుగుతుంది. దానికి రుసుము లేదు, శిక్షణ లేదు. అది మీరే చేయవచ్చు.

ధ్యానం సంగతి వేరు. 2014లో 47 పరిశోధనలను, మొత్తం 3,515 మంది వివరాలను కలిపి పరిశీలించారు. ధ్యానం ఆందోళనను, దిగులును, నొప్పిని ఒక మోస్తరుగా తగ్గిస్తుందని తేలింది. వ్యాయామం, మందులు మొదలైన ఇతర పద్ధతుల కంటే అది మెరుగని మాత్రం తేలలేదు. కాబట్టి మీ వారికి ధ్యానం అలవాటుంటే మానిపించకండి. ఆ కూర్చునే చోట మందుల డబ్బా కూడా ఉంచండి.

మరి ప్రార్థన?

ఇది సంఘం నడిపే ఆసుపత్రి. ఇక్కడ రోగుల కోసం ప్రార్థన జరుగుతుంది. కాబట్టి ఇతరుల నమ్మకాలను తూచిన తక్కెడలోనే మాదీ పెట్టి చెప్పడం న్యాయం.

2006లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. ఆరు ఆసుపత్రులలో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగం వారి కోసం ప్రార్థన జరిగింది, రెండవ భాగం వారి కోసం జరగలేదు. ఈ రెండు భాగాల వారికీ తమ కోసం జరుగుతోందో లేదో తెలియదు. మూడవ భాగం వారికి "మీ కోసం తప్పక ప్రార్థిస్తారు" అని ముందే చెప్పారు. ప్రార్థన చేసినవారు క్రైస్తవ సంఘాలవారే. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు మొదటి భాగంలో 52 శాతం మందికి, రెండవ భాగంలో 51 శాతం మందికి వచ్చాయి. తప్పక ప్రార్థిస్తారని చెప్పినవారిలో 59 శాతం మందికి వచ్చాయి.

ఈ ఎక్కువ ఎందుకు వచ్చిందో ఖాయంగా తేలలేదు. "నా కోసం ఇంతమంది ప్రార్థించాల్సి వస్తోందంటే నాకు ఏదో పెద్దదే ఉందేమో" అని రోగి కంగారుపడి ఉండవచ్చని ఒక ఆలోచన.

విశ్వాసులకు దీనివల్ల నిరాశ అవసరం లేదు. దేవునిని పరీక్ష గదిలో కొలవగలమని మనం ఎన్నడూ అనుకోలేదు. కాని ప్రార్థన మందుకు బదులు కాదన్న సంగతి బైబిలులోనే ఉంది. హిజ్కియా రాజు జబ్బుపడి కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడు. అయినా ప్రవక్త యెషయా అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. ప్రార్థనా ఉంది, పట్టీ కూడా ఉంది. లూకా వైద్యుడని పౌలు రాసిన పత్రికే చెబుతోంది.

కాబట్టి రోగి కోరితే అతని పక్కన నెమ్మదిగా, క్లుప్తంగా ప్రార్థించండి. మంచం చుట్టూ గుంపుగా చేరి ఏడుస్తూ ప్రార్థించకండి. "విశ్వాసం ఉంటే ఈ మాత్రలు ఎందుకు?" అని ఎవరైనా అంటే, ఎంత పెద్దవారైనా సరే, వారిని వార్డు బయటికి తీసుకెళ్లి మాట్లాడండి.

"కాని తగ్గింది కదా, సిస్టర్!"

ఈ మాట మేము చాలాసార్లు వింటాము. జలుబుకు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని సామెతలా చెప్పుకుంటాం. చాలా జబ్బులు అంతే. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు ఎక్కువమందికి కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాలలో పసరు పోయించుకుంటే పసరుకు, రేకీ చేయించుకుంటే రేకీకి పేరు వస్తుంది. నడుము నొప్పి, కీళ్ల నొప్పులు ఎక్కువ అవుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ఎక్కువైన రోజునే మనం ఎవరి దగ్గరికైనా పరుగెత్తుతాం. ఆ తర్వాత తగ్గడం సహజం. ఆ రోజు ఎవరి గడప తొక్కామో వారికి ఆ కీర్తి దక్కుతుంది.

క్షయలో ఇది మరీ ప్రమాదం. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలలోనే జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, ఒంట్లో బలం వస్తుంది. అప్పుడే ఎవరో "ఇది మా శక్తి వల్లే, ఇక మందులు వేడి చేస్తాయి, మానేయండి" అంటారు. కాని ఊపిరితిత్తుల్లో క్రిములు ఇంకా మిగిలే ఉంటాయి. సాధారణ క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని క్షయగా మారవచ్చు, ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది.

రోగి మీద నింద వేయకండి

"మనసు గట్టిగా పెట్టుకుంటే క్యాన్సర్ పోతుంది" అన్న మాట వినడానికి ధైర్యంలాగే ఉంటుంది. కాని దానికి వెనుక వైపు ఒకటుంది. జబ్బు తగ్గకపోతే "నీ మనసు గట్టిది కాదు, నీకు విశ్వాసం చాలలేదు" అని అర్థం వస్తుంది. కీమోథెరపీతో వాంతులు చేసుకుంటున్న మనిషికి ఈ నింద కూడా మోయాలా?

2007లో తల, మెడ భాగాల క్యాన్సర్ ఉన్న 1,093 మంది మీద చేసిన అధ్యయనం వెలువడింది. గుట్కా, పొగాకు వల్ల మన దగ్గర ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సర్ కూడా ఈ కోవలోదే. మనసు ఉల్లాసంగా ఉన్నవారు ఎక్కువ కాలం, దిగులుగా ఉన్నవారు తక్కువ కాలం బతికారా అని చూశారు. అలాంటి సంబంధం ఏదీ కనిపించలేదు.

ఇది నిరాశ కలిగించే వార్త కాదు, రోగికి విడుదల. ఆయన ఏడవవచ్చు, కోపపడవచ్చు, భయమేస్తోందని చెప్పవచ్చు. దానివల్ల గడ్డ పెరగదు. ఆయన ఏడుస్తున్నప్పుడు "ఏడవకు, నెగెటివ్‌గా ఆలోచించకు" అనకుండా పక్కన కూర్చోండి. సంతోషంగా ఉంచడం జబ్బుకు మందు కాకపోయినా, ఉన్న రోజులను బాగు చేస్తుంది. అది చిన్న విషయం కాదు.

భయం కూడా బాధ పెడుతుంది

మంచి మాట మేలు చేసినట్టే చెడ్డ మాట కీడు చేస్తుంది. కొలెస్ట్రాల్ మాత్రలు పడటం లేదని మానేసిన 60 మందితో బ్రిటన్‌లో ఒక పరిశోధన చేశారు. ఏడాదిలో కొన్ని నెలలు నిజమైన మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, కొన్ని నెలలు ఏదీ ఇవ్వలేదు. ఏ మాత్ర ఏదో వారికి తెలియదు. 2020లో ఫలితం వచ్చింది. నిజమైన మాత్రతో వచ్చిన ఇబ్బందిలో పదింట తొమ్మిది వంతులు ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. ఈ సంగతి తెలిశాక వారిలో సగం మంది మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు.

అందుచేత "ఆ బీపీ మాత్రతో కిడ్నీలు పోతాయట" వంటి మాటలు రోగి ముందు అనకండి. అలాగని నిజంగా ఇబ్బంది ఉంటే దాచకండి. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం, కళ్లు పచ్చబడటం వంటివి వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. అడిగి మార్పించుకోవడం వేరు, అడగకుండా మానేయడం వేరు.

తోడున్న మీ సంగతి

ఇప్పటిదాకా రోగి గురించి చెప్పుకున్నాం. కాని మనోవేదన శరీరాన్ని ఎలా దెబ్బ తీస్తుందో చాలా స్పష్టంగా చూపిన పరిశోధనలలో ఒకటి జరిగింది రోగుల మీద కాదు, వారిని చూసుకునేవారి మీద.

మతిమరుపు జబ్బు వచ్చిన తమవారిని ఇంట్లో చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అలాంటి బరువు లేని అదే వయసు స్త్రీలు 13 మందిని అమెరికాలో తీసుకున్నారు. అందరి చేతి మీద ఒకే కొలత గల చిన్న గాయం చేశారు. బరువు లేనివారికి అది సగటున 39 రోజుల్లో మానింది. తమవారిని చూసుకుంటున్నవారికి 48 రోజులు దాటింది. అంటే దాదాపు తొమ్మిది రోజులు ఆలస్యం. ఇది 1995లో ప్రచురితమైంది.

అమ్మకు తోడుగా వచ్చిన కూతురు, భర్త మంచం పక్కన నేల మీద పడుకునే భార్య, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వార్డుకు వచ్చే కొడుకు ఈ మాట గుర్తుంచుకోవాలి. మీరు తినకపోతే, నిద్రపోకపోతే రోగికి త్యాగం చేసినట్టు కాదు. ఇంట్లో రెండో రోగి తయారవుతారు.

డిచ్‌పల్లి నేర్పిన పాఠం

ప్రేమకు, మందుకు ఉన్న సంబంధం అర్థం కావాలంటే మన తెలంగాణలోనే మంచి ఉదాహరణ ఉంది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి ప్రారంభించారు. దానికి రాజా నర్సాగౌడ్ గారు విరాళం ఇచ్చారు. ఊరివారు, ఇంటివారు వెలివేసినవారిని అక్కడ తాకారు, పుండ్లు కడిగారు, కట్లు కట్టారు, పని నేర్పారు. ఆ రోజుల్లో ఉన్న మందు చాల్మూగ్ర నూనె ఇంజెక్షన్లు. దానితో వచ్చే ఫలితం పరిమితమే.

సంకల్పమే రోగాన్ని నయం చేయగలిగితే, ఆ ఆదరణకు కుష్ఠు అప్పుడే మాయమైపోవాలి. అలా జరగలేదు. 1940లలో డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. అప్పటి నుంచి కుష్ఠు మందులతో నయమయ్యే జబ్బు అయింది. అయితే రోగిని తాకడానికి సిద్ధపడినవారు లేకపోతే, ఆ మందు అతని గడప వరకూ వెళ్లేది కాదు. మందు క్రిమిని చంపింది. ఆదరణ మనిషిని మందు దాకా తీసుకొచ్చింది. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

మీరు చేయదగినవి

మంచి సంకల్పం మనసులోనే ఉండిపోతే చాలదు. దానిని రోజువారీ పనిగా మార్చాలి.

1. రోగి దగ్గర రోజుకు పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి. సలహా ఇవ్వకుండా వినండి.
2. మందు ఇచ్చేటప్పుడు అది ఎందుకో చెప్పి ఇవ్వండి. "ఇది నొప్పికి, కొంచెం సేపట్లో తెరిపిస్తుంది" అన్న ఒక్క మాట చాలు. లేనిది కల్పించి చెప్పకండి.
3. భయం వేసినప్పుడు ఇద్దరూ కలిసి నెమ్మదిగా ముక్కుతో గాలి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు చేయండి. ఆయాసం, ఛాతీ నొప్పి ఉన్నవారికి ముందు డాక్టరును పిలవండి.
4. "మందులు సరిగ్గా వేసుకుంటాం" అనుకోవడంతో ఆగకండి. ఏ మాత్ర, ఏ పూట, ఎవరు ఇస్తారు అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించండి. వేసిన ప్రతిసారి టిక్కు పెట్టండి. షిఫ్టు డ్యూటీలు చేసే ఇళ్లలో ఇది మరీ అవసరం.
5. తోడుండే బాధ్యతను వంతులుగా పంచుకోండి. ఒకరే అన్ని రాత్రులూ ఉండకూడదు.
6. దిగులు రెండు వారాలు దాటినా, బతకాలని లేదన్న మాట వచ్చినా అది మనోబలం లేకపోవడం కాదు, చికిత్స ఉన్న జబ్బు. డాక్టరుకు చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈ మాటలు వింటే జాగ్రత్త పడండి

• "మా దగ్గరికి వచ్చాక ఇంగ్లీషు మందులు మానేయాలి."
• "షుగర్, క్యాన్సర్, మూర్ఛ, ఏ జబ్బయినా పూర్తిగా నయం చేస్తాం."
• "తగ్గకపోతే మీ నమ్మకంలోనే లోపం ఉంది."
• "ఇంకొక్క విడత డబ్బు కడితే ఫలితం కనిపిస్తుంది."

క్యాన్సర్, షుగర్, మూర్ఛ వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత నివారణల చట్టం నిషేధించింది.

పక్షవాతం లక్షణాలు (మూతి వంకర పోవడం, ఒక చేయి పడిపోవడం, మాట తడబడటం), ఛాతీ నొప్పి, పాము కాటు, ఫిట్స్, స్పృహ తప్పడం కనిపిస్తే మంత్రం, దిష్టి, ధ్యానం, ప్రార్థన ఏదైనా దారిలో చేసుకోండి. ముందు 108కు ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

చదివాక మీలో మీరు ప్రశ్నించుకోండి

1. ఉబ్బసం పరిశోధనలో రోగి చెప్పినదానికి, యంత్రం చూపినదానికి తేడా ఏమిటి?
2. మా ఇంట్లో ఎవరైనా అడగకుండా మందు మానేశారా? ఎవరి మాట విని?
3. ఈ వారం నేను రోగితో అన్న మాటల్లో ధైర్యం ఇచ్చినవి ఎన్ని, నింద వేసినవి ఎన్ని?
4. నేను చివరిసారి కడుపునిండా తిని, నిద్రపోయింది ఎప్పుడు?

రెండవ ప్రశ్నకు జవాబు "అవును" అయితే సిగ్గుపడకుండా, ఈ రోజే డ్యూటీలో ఉన్న సిస్టరుకు చెప్పండి. ఎన్ని రోజులు మానేశారో దాచకుండా చెబితే, మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరు గారు చూస్తారు. ఇందుకు మిమ్మల్ని ఎవరూ కోప్పడరు.